పిన్ని మీద చేతులెత్తిన తరగతి

మా బావ కేసులు రాస్తాడు. పోలీసు కేసులు కావు, కోర్టు కేసులూ కావు. అవైతే ముద్దాయికి కనీసం ఒక వకీలుంటాడు, అవతలివాడి మాట వినకుండా శిక్ష వేయరు. మా బావ రాసేవి మేనేజ్‌మెంటు కాలేజీ కేసులు. ఏదో ఒక వ్యాపారం గురించి పది పన్నెండు పేజీలు రాసి, యజమాని చిక్కులో పడి జుట్టు పీక్కుంటున్న దగ్గర ఠక్కున ఆపేస్తాడు. ‘ఇప్పుడు ఈమె ఏం చేయాలి?’ అని అడుగుతాడు. ఆ పేజీలు పట్టుకుని తరగతి మొత్తం ఆ మనిషి కొంప గురించి రెండు గంటలసేపు వాదించుకుంటుంది. చివర్లో చేతులెత్తి ఓట్లు వేస్తారు. తర్వాత టీ తాగుతారు. కొంప వాళ్ళది కాదు కాబట్టి టీ రుచిగానే ఉంటుంది.

మా అక్కకి తెలిసిన కేసులు ఒకటే రకం: దిండు కేసులు. ఊళ్ళోని పెద్దాసుపత్రి దుప్పట్లు, దిండు కేసులు, రోగుల గౌన్లు, డాక్టర్ల తెల్లకోట్లు అన్నీ ఆమె లాండ్రీకే వస్తాయి; మిగతా సగం పని హోటళ్ళ దుప్పట్లది. తేవడం, తిరిగి ఇవ్వడం నా వ్యాను పని. లోపలంతా ఆవిరి, సబ్బు వాసన, రోజంతా గిర్రున తిరిగే పెద్ద పెద్ద డ్రమ్ములు. ఆ మోతలో మాట్లాడి మాట్లాడి మా వంశానికే గొంతు పెద్దదైపోయింది. మేం గుసగుసలాడితే పక్కవీధివాళ్ళు జవాబు చెప్తారు.

తలుపు పక్కన కిటికీ, కిటికీ కింద పొడవాటి బల్ల. అది పిన్ని రాజ్యం. మూటలు విప్పి, రక్తం మరకలవి ఒక కుప్ప, మందు మరకలవి ఒక కుప్ప, కోట్లు ఒక కుప్ప వేసి, ప్రతి జేబులోనూ చెయ్యిపెట్టి చూడటం ఆమె పని. ఎవరో మరిచిపోయిన ఒక్క పెన్ను డ్రమ్ములోకి వెళ్ళిందంటే చాలు, ఆ విడత బట్టలన్నీ నీలం చారల పులులై బయటికొస్తాయి. పెన్నులే కాదు, కళ్ళజోళ్ళు, తాళాలు, సగం కొరికిన బిస్కెట్లు కూడా వచ్చేవి. ఓసారి ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు వచ్చింది.

“ఒరేయ్ వ్యానోడా, ఇది ఎవరిదో నోరు. జాగ్రత్తగా పట్టుకెళ్ళి ఇచ్చేసిరా, పాపం భోజనం వేళయింది” అంది పిన్ని.

పిన్ని మాకు చుట్టం కాదు. మా నాన్న లాండ్రీ పెట్టిన రోజుల నుంచీ ఉంది, అందుకని అందరికీ పిన్నే. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా పిన్నే. మరక ఎలాంటిదైనా వదిలిస్తుంది గానీ, ఆవిడ నోటబడితే మాత్రం మన మరక వదలదు.

ఒకరోజు ఒక కోటు జేబులో నర్సమ్మ ఉంగరం వచ్చింది. పిన్ని తీసి ఇచ్చింది, నేను పట్టుకెళ్ళి ఇచ్చాను, ఆ నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆ పూట భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తుంటే బావ నోటి దగ్గర ముద్ద ఆపి మరీ విన్నాడు. ముద్ద ఆపాడంటే ఆయనకి కేసు వాసన తగిలినట్టే.

“మన లాండ్రీ గురించి మా క్లాసులో చెప్పుకోనా?” అని అక్కనడిగాడు.

“చెప్పుకోండి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా పని మీ కంటికి ఆనింది, అదే పదివేలు” అంది అక్క. ఆ మురిపెం చూసి నాకే ముచ్చటేసింది.

కొన్ని నెలలు గడిచాయి. ఆసుపత్రిలో బయటి పనుల ఒప్పందాలన్నీ చూసే మేనేజరు ఒకాయన ఉన్నాడు. ఎండైనా వానైనా టై తీయడు కాబట్టి ఆయన్ని మేం టైగారంటాం. మెడకి కట్టుకుంటాడే గానీ మాటకి కట్టుబడడు. ఒకరోజు నేను మూటలు దింపుతుంటే పైకి రమ్మని కబురు పెట్టాడు.

“కూర్చోండి” అన్నాడు.

ఎప్పుడూ కూర్చోమనని మనిషి కూర్చోమన్నాడంటే కుర్చీ కింద మంట ఉందని అర్థం. కూర్చోలేదు.

“మీ ఒప్పందం గడువు అయిపోతోంది. కొత్తది రాస్తాం. ఒక్కటే షరతు. ఆ జేబులు వెతికే ఆవిణ్ణి తీసేయాలి.”

“ఎవరినండీ, పిన్నినా? ఎందుకు? ఏం చేసింది?”

“ఏం చేసిందో మీ అక్కగారికి తెలుసు. చుట్టరికం అడ్డమొచ్చి నోరు విప్పలేకపోతున్నారు. మొన్న శనివారం మా క్లాసులో ఇదంతా చర్చించాం. దాదాపు అందరం తీసేయాలనే చేతులెత్తాం.”

“ఏ క్లాసండీ?”

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ కోసం మా బావ కాలేజీ శనివారాలు పెట్టే క్లాసట. టైగారు అందులో విద్యార్థి. సొరుగులోంచి కుట్టిన పేజీలు తీసి బల్లమీద పడేశాడు.

“పేర్లు మార్చారులెండి. కానీ ఆడమనిషి నడిపే ఆసుపత్రి లాండ్రీ ఈ ఊళ్ళో ఇంకోటి ఉందా? రాసింది మీ బావగారే. ఇంట్లో మనిషే రాశాక ఇంకా అనుమానమేంటి?”

అక్కడే నిలబడి చదివాను. కిటికీ ఉంది, బల్ల ఉంది, మూటలున్నాయి, ఉంగరం కూడా ఉంది. అది తిరిగి వెళ్ళిన సంగతి మాత్రం లేదు. కేసులో ఉంగరం మాయమైంది. ‘జేబులు వెతికే ఉద్యోగిని, యజమానికి వరసకి పిన్ని’ మీద అనుమానం. అంతకుముందు కూడా కొన్ని వస్తువులు పోయాయట. యజమానికి లోలోపల తెలుసట. ఆసుపత్రి వాళ్ళు అడిగితే మాట దాటేస్తుందట. చివరి పేజీలో ఆమె కిటికీ దగ్గర నిలబడి మౌనంగా ఆలోచిస్తూ ఉంటుంది. మా అక్క జన్మలో మౌనంగా ఆలోచించలేదు. ఆమెకి ఆలోచన వచ్చేముందే అరుపు వస్తుంది.

“అబద్ధం సార్ ఇది! ఉంగరం నేనే తెచ్చిచ్చాను. కావాలంటే ఆ నర్సమ్మనే అడగండి!”

“అడిగాను. వచ్చిందంది.”

“మరి?”

“ఒకటి తిరిగొచ్చింది సరే. రానివి ఎన్ని అన్నది కదా అసలు ప్రశ్న.”

ఆ పేజీలు లాక్కుని మెట్లు దిగేశాను.

పేజీలు తెచ్చి అక్క చేతిలో పెట్టాను. ఆవిరిలో నిలబడి చదువుతుంటే, ఆ డ్రమ్ముల మోతలోనూ ఆమె ఊపిరి వినపడింది. అవతల బల్ల దగ్గర పిన్ని ఎవరి కోటునో చూపించి “ఈ డాక్టరు జేబు చూడవే, పిప్పరమెంట్ల కొట్టు!” అని నవ్వుతోంది.

“పిన్నికి చెప్పకు” అంది అక్క. అంతే అంది.

సాయంత్రం బావ ముందుగదిలో బూట్లు విప్పుతుండగా ఆ పేజీలు ఆయన ఒళ్ళో పడ్డాయి.

“ఏమండీ, పిన్ని ఏ ఉంగరం కొట్టేసిందండీ?”

“ఓ, చదివావా?” బావ మొహం వెలిగిపోయింది. “ఎలా ఉంది?”

ఇల్లు తగలబెట్టి, వెలుగు ఎలా ఉందని అడిగే మనిషిని ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాసుంటే అక్క ఆ క్షణంలో ఆ పని చేసేది.

“ఉంగరం పోలేదు కదండీ. పోయిందని ఎందుకు రాశారు?”

“ముందు ఉన్నదున్నట్టే రాశాను. మా కాలేజీ పెద్దాయన తిప్పి పంపాడు. ఇందులో సమస్య ఎక్కడుందయ్యా అన్నాడు. ఆయనన్నదీ నిజమే. మీ లాండ్రీలో బట్టలొస్తాయి, ఉతుకుతారు, ఇచ్చేస్తారు. అలా సాఫీగా సాగిపోతే క్లాసు నిద్రపోతుంది. ఎక్కడో ఒక ముడి పడాలి. అందుకని ఉంగరం దగ్గర కొంచెం తిప్పాను.”

“ఏం తిప్పావు బావా, పిన్ని మెడ తిప్పావు” అన్నాను.

“నువ్వాగు బావమరిదీ. పేరు మార్చాను కదా!”

“ఊరు మార్చారా? కిటికీ మార్చారా?” అంది అక్క. “పిన్ని మనకేమీ కాదు. చుట్టమని ఎందుకు రాశారు?”

“అందరూ పిన్ని అనే పిలుస్తారుగా. చుట్టమైతే తీసేయడం ఇంకా కష్టం. చర్చ రక్తికడుతుంది.”

“దొంగ అని రాసేటప్పుడు చెయ్యి వణకలేదా మీకు?”

“దొంగ అని నేనెక్కడ రాశాను? అనుమానం అని రాశాను. సరిగ్గా చదువు.”

అదీ మా బావ చదువు. మనిషి మీద బురద చల్లి, ‘నేను బురద అన్లేదు, తడిమట్టి అన్నాను’ అనడం నేర్పే చదువు. దీనికి గోడకి ఫ్రేము కట్టిన పట్టాలు, మెడలో దండలు!

“శనివారం క్లాసులో, ఆ టైగారి మొహం మీద చెప్పండి, అదంతా మీ కల్పన అని” అంది అక్క.

“చెప్తాలే, సందర్భం చూసి.”

“సందర్భం నేను చూస్తాను. నేనూ వస్తున్నాను.”

ఆ తరగతి గది బావిలా ఉంది. బెంచీలు గుర్రపునాడాలా వంపు తిరిగి మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. అడుగున బావ, వెనక తెల్లబోర్డు. ప్రతివాళ్ళ ముందూ పేరు రాసిన అట్టముక్క. మేమిద్దరం పై వరసలో తలుపు పక్కన కూర్చున్నాం, మా ముందు అట్టముక్కల్లేవు. వేడినీళ్ళకి ఉబ్బిన అక్క చేతులు ఒళ్ళో ఊరుకోలేక ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

బావ గొంతు సవరించుకున్నాడు. “పోయినవారం లాండ్రీ కేసు గురించి చిన్న వివరణ. అందులో వస్తువులు పోవడం అనే అంశం బోధన కోసం కల్పించినది. అసలు లాండ్రీలో అలాంటిదేమీ జరగలేదు.”

చెప్పేశాడు. నిజం చెప్పొద్దూ, బావ మీద నాకు కాస్త గౌరవం కూడా వచ్చింది. అది టీ మీద మీగడలా ఎంతసేపు నిలిచిందంటే, టైగారు చెయ్యెత్తేదాకా.

“సార్, అది కల్పితమైనంత మాత్రాన మన విశ్లేషణ తప్పు కాదు కదా?”

“కరెక్ట్” అన్నాడు పక్కాయన. “అన్ని జేబులూ ఒక్క మనిషి చేతిలో. ఇవాళ తీయకపోయినా రేపు తీయొచ్చు.”

“తీయలేదని సారే చెప్తున్నారుగా! ఇంకా ఏం మాట్లాడుతున్నాం మనం?” అంది ముందు వరసలో ఒకావిడ.

“మేడమ్, మనం మాట్లాడేది వ్యక్తి గురించి కాదు, వ్యవస్థ గురించి.”

అక్క లేచింది. మా గొంతుకి మైకు అక్కర్లేదు. “బాబూ, పోయినవారం వ్యవస్థని తీసేయమని చేతులెత్తారా? మనిషినే కదా తీసేయమన్నారు?”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. టైగారు గుర్తుపట్టి నవ్వాడు. “మీరు మరీ పర్సనల్‌గా తీసుకుంటున్నారు మేడమ్.”

“నా లాండ్రీ, నా పిన్ని. పర్సనల్‌గా కాక పార్సిల్‌గా తీసుకోమంటారా?”

కొందరు నవ్వారు. టైగారు నవ్వలేదు. “సరే, సూటిగా చెప్తాను. ఆసుపత్రి మాట మారదు. బల్ల దగ్గర ఆవిడుంటే ఒప్పందం లేదు.”

అక్క టైగారిని చూడటం లేదు, కింద నిలబడ్డ మొగుణ్ణి చూస్తోంది. ఒక్క మాట కోసం చూస్తోంది. ‘మీరు చేసేది అన్యాయం’ అంటే చాలు. ఇంటికెళ్ళాక ఎన్ని తిట్టినా, ఆ ఒక్క మాటకి సగం మాఫీ చేసేది.

బావ చేతిలో మార్కరుంది. బావ బోర్డు వైపు తిరిగాడు. గీత గీశాడు. ‘1. ఉద్యోగినిని తొలగించడం’ అని రాశాడు. ‘2. ఒప్పందం వదులుకోవడం’ అని రాశాడు. ‘3.’ అని వేసి పక్కన ఖాళీ వదిలి, క్లాసు వైపు తిరిగాడు.

“మూడో దారి ఎవరైనా సూచించగలరా?”

చేతులు లేచాయి. పోటీపడి లేచాయి. కట్టుకున్న పెళ్ళాం ఎదురుగా నిలబడి కాలిపోతుంటే, ఆ మంట మీద క్లాసంతా చేతులు చాపి చలి కాచుకుంటోంది. అందులో ఒక్కడికైనా చెయ్యి చురుక్కుమంటేగా!

అక్క మెట్లు దిగింది. నేను వెనకే దిగాను, ఆపడానికో, అవసరమైతే ఒక చెయ్యి వేయడానికో నాకే తెలియదు. ఆమె బావ చేతిలో మార్కరు లాక్కుని బల్లమీద పెట్టింది.

“నువ్వు మనిషివా, బోర్డువా?”

అక్క బావని ‘నువ్వు’ అనడం నేనెప్పుడూ వినలేదు. బావ కూడా వినలేదని ఆయన మొహమే చెప్పింది.

“క్లాసు మధ్యలో...” అన్నాడు.

“నా బతుకు మధ్యలో నువ్వు బోర్డు పెట్టలేదా? మరి క్లాసు మధ్యలో నేను రాకూడదా?” టైగారి వైపు తిరిగింది. “సోమవారం నుంచి మీ దుప్పట్లు మీరే చూసుకోండి. రెండో నంబరు. మూడోది మీరంతా కూర్చుని తేల్చుకోండి.”

“తొందరపడకు, సగం పని పోతుంది” అన్నాడు బావ, గొంతు తగ్గించి.

“సగం పోతే సగం ఉంటుంది. ఆవిణ్ణి తీసేస్తే నేనే ఉండను.”

సోమవారం సగం డ్రమ్ములు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా గొంతులు మాకే మొరటుగా వినిపించాయి. పిన్ని ఖాళీ బల్లని తుడిచిందే తుడిచి, చివరికి గుడ్డ విసిరేసింది.

“ఆసుపత్రి మూటలేవే? ఊళ్ళో జనమంతా ఆరోగ్యంగా ఉన్నారా?”

ఇంక దాచడం కుదరక అక్క మొత్తం చెప్పింది. కేసు, ఉంగరం, చేతులెత్తడం, బోర్డు, రెండో నంబరు, అన్నీ. చెప్పి పిన్ని చెయ్యి పట్టుకోబోయింది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అంటే నన్ను దొంగంటున్నారని నీకు తెలుసు. వీడికి తెలుసు. క్లాసులో అంతమందికి తెలుసు. నాకు తప్ప.”

“నువ్వు బాధపడతావని పిన్నీ...”

“బాధ నాదే. నువ్వు దాచడమేంటి? ఏం, అది నీకు ఎవరి జేబులోనైనా దొరికిందా?”

“నీ కోసం అక్క ఆసుపత్రి పనే వదిలేసింది” అన్నాను నేను, సాయం చేస్తున్నాననుకుని.

“వదలమని నేనడిగానా? ఇద్దరూ వెళ్ళి నా గురించి మాట్లాడొచ్చారు, నా బదులు తేల్చేసుకొచ్చారు. నన్నెవరైనా అడిగారా? ఇప్పుడు ఊళ్ళో ఏమంటారో తెలుసా? దొంగని వదులుకోలేక పని వదులుకుంది అంటారు. మీ ఆయన రాసిన అబద్ధాన్ని నువ్వే నిజం చేసొచ్చావే తల్లీ!”

పిన్ని చీరకొంగు నడుముకి దోపుకుంది.

“ఎక్కడ మీ ఆయన?”

ఇల్లు లాండ్రీ వెనకే. బావ ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు, ముందుగదిలో కూర్చుని రాసుకుంటున్నాడు. తడిచేతులతో పిన్ని గుమ్మంలో నిలబడేసరికి గబుక్కున లేచాడు.

“పిన్నీ, నీ గురించే రాస్తున్నాను. రెండో భాగం. మొదటి భాగంలో చిక్కు, రెండో భాగంలో అసలేం జరిగిందో. మా పద్ధతి అది. నువ్వు నిర్దోషివని స్పష్టంగా...”

“ఇంకా రాస్తావుట్రా!” అద్దాలు అదిరాయి. “నీ రాతతో దొంగనయ్యాను. మళ్ళీ నీ రాతతోనే మంచిదాన్నవ్వాలా? నా తలరాత రాయడానికి నువ్వెవడివిరా?”

అల్లుడిగారిని ‘రా’ అనేసింది. అక్క కూడా అడ్డుకోలేదు.

“మరి ఏం చేయమంటావు పిన్నీ?”

“చేతులెత్తినవాళ్ళ దగ్గరికి పద. ఒక్కొక్కరి దగ్గరికీ. నా ఎదురుగా చెప్పు.”

“అందరి దగ్గరికా? వాళ్ళంతా పెద్ద పెద్ద ఆఫీసుల్లో...”

“పెద్ద ఆఫీసులకి తలుపులుండవా?”

బావ అక్క వైపు చూశాడు. అక్క వ్యాను తాళంచెవి నా చేతిలో పెట్టింది. “ఆసుపత్రితో మొదలుపెట్టరా” అంది.

వ్యాను ముందుసీటులో ముగ్గురం. నాకూ పిన్నికీ మధ్య బావ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. దారిపొడుగునా పెదాలు కదుపుతూ వాక్యం సిద్ధం చేసుకుంటున్నాడు, పిన్ని అద్దంలోంచి రోడ్డు చూస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ “ఏం పిన్నీ, నువ్వే వచ్చావు?” అంటే ఆవిడ పలకలేదు. వాడు భయపడి మూటల్లేని వ్యానుకి సలాం కొట్టాడు.

టైగారి గది తలుపు పిన్నే తోసింది.

“సర్, ఆ కేసులో ఒక చిన్న సవరణ...” అని మొదలుపెట్టాడు బావ.

“సవరణ కాదు. అబద్ధం అను.”

“కొంత కల్పన...”

“అబద్ధం.”

బావ కళ్ళు దించుకున్నాడు. “అబద్ధం. ఈమె ఏమీ తీయలేదు. నేను అబద్ధం రాశాను.”

మార్కరు లేకుండా ఆయన మాట్లాడగా నేను చూడటం అదే.

“సరే, నోట్ చేసుకుంటాను” అని టైగారు పెన్ను తీశాడు.

పిన్ని ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. సబ్బుకి ఒరిసిన చెయ్యి, వేళ్ళ కణుపులు తెల్లగా. “నోట్ వద్దు బాబూ. నోటితో చెప్పు. చెయ్యెత్తి దొంగన్నావుగా, ఇప్పుడు నోరెత్తి కాదను.”

“మేడమ్, ఇది ఆసుపత్రి. అరవకండి.”

“నేనింకా అరవలేదు.”

అది నిజమే. గుమ్మం బయట నర్సులు ఒక్కొక్కరే పోగవుతున్నారు. ఉంగరం నర్సమ్మ ముందుకొచ్చి నిలబడింది. టైగారు వాళ్ళని చూశాడు, బావని చూశాడు, నన్ను చూశాడు. మేమెవరమూ ఆయనకి మూడో దారి చూపించలేదు. మెడ దగ్గర ముడి కాస్త వదులు చేసుకున్నాడు గానీ నోరు విప్పలేదు.

పిన్ని ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆలోచించుకో బాబూ. నాకేం తొందర్లేదు. ఇవాళ మూటలు లేవుగా.”